పదకొండో ప్రశ్న

మార్చి 4, సోమవారం

దుకాణానికి తనిఖీ అధికారి వచ్చాడు. ఏడాదికోసారి వచ్చి లెక్క చూసుకుని పోయే ఆయన కాదు, వేరే ఆయన. సన్నగా ఉన్నాడు, బూట్లు మాత్రం కొత్తవి. పోయిన అక్టోబరులో అమ్మిన ఒక పిస్తోలు కాగితాలు కావాలన్నాడు. బీరువాలోంచి తీసిచ్చాను. ఇరవై రెండేళ్ళ అమ్మాయి పేరు మీద ఉంది.

ఆ పిస్తోలుతో నెల కిందట బస్ డిపో కాపలాదారుని చంపేశారట. కాల్చింది ఆ అమ్మాయి కాదు, ఆమెతో తిరిగే మనిషి. అతను ఇదివరకే జైలుకి వెళ్ళొచ్చినవాడు కాబట్టి అతని పేరు మీద ఎవరూ తుపాకీ అమ్మరు. అందుకని ఆమెతో కొనిపించాడు. బినామీ కొనుగోలు. మా వ్యాపారంలో కొత్తేమీ కాదు.

అధికారి ఫారంలో పదకొండో ప్రశ్న మీద వేలు పెట్టాడు. 'ఈ ఆయుధాన్ని మీ సొంతానికే కొంటున్నారా?' పక్కన అవును, కాదు అని రెండు గళ్ళు. అవును గడిలో టిక్కు.

"ఇది మీరు ఆమెని నోటితో అడిగారా?"

అడిగానన్నాను.

"టిక్కు ఎవరు పెట్టారు?"

ఆ అమ్మాయేనన్నాను. రాసుకున్నాడు. టీ తాగమంటే వద్దన్నాడు.

అడిగాను. అందరినీ అడుగుతాను. పదిహేనేళ్ళ నుంచీ అదే కౌంటరు, అదే ఫారం.

మార్చి 5

మోకాళ్ళు పీకుతున్నాయి. మిగతాదంతా మామూలే.

మార్చి 7, గురువారం

పేపర్లో బిల్లు గురించి పడింది. తుపాకుల అమ్మకాల్లో మోసాలని ఆపడానికట. బావ పొద్దున్నే కౌంటరు మీద పేపరు పరిచి, ఒక్కో వాక్యానికీ ఒక్కో తిట్టు చొప్పున చదివి వినిపించాడు. ఇంకొకరి కోసం కొంటూ సొంతానికే అని అబద్ధమాడితే శిక్ష రెట్టింపు. అది బావకి ఇష్టమే. దాని కింద ఉన్నది ఇష్టం లేదు. అమ్మేవాళ్ళు ప్రశ్నలన్నీ నోటితో అడగాలి, కొనేవాళ్ళు జవాబు తమ చేతిరాతతో రాయాలి. అనుమానం వచ్చీ అమ్మితే దుకాణం లైసెన్సు పోవడమే కాదు, అమ్మినవాళ్ళకి జైలు.

"ఇంక తుపాకులు అమ్మడం ఎందుకు, పెళ్ళిసంబంధాలు చూసుకుంటే పోలా? అక్కడా ఇన్నే ప్రశ్నలు," అన్నాడు.

నవ్వాను. బావ మాటకి నవ్వకపోతే ఆ పూట గడవదు. అక్క మొగుడు, దుకాణం యజమాని, నేనుండే పై వాటాకి సొంతదారు, ముగ్గురూ ఆయనే. ఎవరి మీద అలిగినా మిగతా ఇద్దరికీ సమాధానం చెప్పుకోవాలి.

మార్చి 11, సోమవారం

సోమవారం ఫారాల పని. దుకాణం తెరవకముందే పన్నెండు ఫారాలు తీసి, దుకాణం ముద్ర కొట్టి, లైసెన్సు నంబరు వేసి, పదకొండో ప్రశ్న దగ్గర అవును మీద టిక్కు పెట్టేసి కట్ట కట్టుకుంటాను. గిరాకీ వస్తే పేరూ ఊరూ రాసి సంతకం చేయించుకోవడమే.

చేరిన మొదటి ఏడాది ఒక్కొక్కరినీ అడిగేదాన్ని. "సొంతానికేనా?" అంటే కొందరు నవ్వేవాళ్ళు, కొందరు మూతి ముడిచేవాళ్ళు. ఒక పెద్దాయన నన్ను కాదని బావని పిలిచి, ఈవిడ నన్ను దొంగని చేస్తోందని గొడవ పెట్టుకున్నాడు. ఎలాగూ అందరూ అవుననేగా చెప్పేది, ముందే పెట్టేసుకో అన్నాడు బావ. పదిహేనేళ్ళలో కాదని చెప్పిన మనిషి ఒక్కరూ లేరు. కాబట్టి అందులో తప్పు పట్టడానికేముంది.

ఇవాళ ఏడో ఫారం దగ్గర చెయ్యి ఆగింది. ఆ అమ్మాయిది అక్టోబరు ఫారం. అప్పటికే ముందుగా టిక్కులు పెడుతున్నాను, నిజమే. కానీ ఆ రోజుకి కట్ట అయిపోయి ఉండొచ్చు. వారం చివర ఒక్కోసారి అయిపోతుంది. కొత్త ఫారం తీసి ఉంటే అడిగే ఉంటాను.

ఆమె కొన్నది మంగళవారం. బీరువా తీసి తేదీ చూశాను, మళ్ళీ పెట్టేశాను.

పన్నెండూ పూర్తి చేశాను.

మార్చి 12

ప్రభుత్వ న్యాయవాది దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆ అమ్మాయి మీద పెట్టిన కేసు, దుకాణాన్ని మోసగించినందుకు. సాక్షుల జాబితాలో నా ఉద్యోగం రాసి, పక్కన బ్రాకెట్లో 'బాధితురాలు' అని రాశారు. బావ అది చదివి, బాధితురాలికి ఒక కుర్చీ వేయండ్రా అన్నాడు. దుకాణంలో మేమిద్దరమే ఉన్నాం. కుర్చీ నేనే వేసుకున్నాను.

మార్చి 15, శుక్రవారం

తుపాకుల వర్తకుల సంఘం సమావేశం. బిల్లు మీద శాసనసభ సంఘం విచారణ జరుపుతుందట, అమ్మకందార్ల తరఫున ఎవరో ఒకరు వెళ్ళి మాట్లాడాలట. బావ వెళ్తానంటే అధ్యక్షుడు ఒప్పుకోలేదు. మీకు కోపం ముక్కు మీదుంటుంది, మీరు వద్దు అన్నాడు. తరవాత అందరూ నా వైపు చూశారు. కళ్ళద్దాలు, నెరిసిన జుట్టు, కౌంటరు దగ్గర పదిహేనేళ్ళు. నన్ను చూస్తే ఎవరికైనా లైబ్రరీ గుర్తొస్తుందని ఒకాయన అన్నాడు.

"మన దగ్గర ప్రతి ఒక్కరినీ అడుగుతాం, ఇంకా కొత్త చట్టం ఎందుకూ అని చెప్పండమ్మా, చాలు," అన్నాడు అధ్యక్షుడు. 

కావలసింది వాళ్ళే రాసిస్తారట, నేను చదవడమే. సరేనన్నాను. వద్దనడానికి ఓపిక లేదు. వచ్చేటప్పుడు బస్సులో చోటు దొరక్క నిలబడే వచ్చాను.

మార్చి 18, సోమవారం

ఆ అమ్మాయిని కోర్టుకి తెచ్చారు. పేపర్లో నాలుగు వాక్యాలు. సొంతానికేనా అని దుకాణంలో తనని ఎవరూ అడగలేదని, చూపించిన చోట సంతకం పెట్టానని చెప్పిందట. టిక్కు ఉంది కదా అంటే అది తాను పెట్టలేదందట. ఎవరూ నమ్మలేదు. ఆరేళ్ళ దాకా పడొచ్చట.

బరితెగించింది అన్నాడు బావ. అవునన్నాను.

అన్నం సయించలేదు. వేడి చేసి ఉంటుంది.

ఫారాల కట్ట కట్టలేదు ఇవాళ. రేపు కడతాను.

మార్చి 21, గురువారం

మధ్యాహ్నం బావ బ్యాంకుకి వెళ్ళినప్పుడు ఒక లాయరు వచ్చింది. చిన్నపిల్లే, నల్లకోటు భుజాల దగ్గర వదులు. ఆ అమ్మాయి తరఫున వాదిస్తోందట. వచ్చీరాగానే పోట్లాడుతుందనుకున్నాను. అలా కాదు, నమస్కారం పెట్టి, కూర్చోవచ్చా అని అడిగి కూర్చుంది.

"మిమ్మల్ని ఇరికించడానికి రాలేదండీ. అడిగుంటే అడిగాననే చెప్పండి, వెళ్ళిపోతాను. కానీ కేసంతా దుకాణం మోసపోయిందనే దాని మీద నిలబడింది. మీరు మోసపోలేదంటే ఆ అమ్మాయి మీద అది నిలవదు."

నాకేం గుర్తులేదన్నాను. రోజుకి ఎంతమంది వస్తారు.

నిజం చెప్పాలంటే రోజుకి ముగ్గురు వస్తే గొప్ప. అమ్మాయిలు నెలకొక్కరు కూడా రారు. ఆమె బాగా గుర్తుంది. పసుపురంగు చొక్కా, చేతికి బట్టల దుకాణం సంచి. లోపలికొచ్చి ఇంకేమీ చూడకుండా మూడో అరలోని పిస్తోలు చూపించి అది కావాలంది. చేతికిస్తే ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టు పట్టుకుంది. తూటాలు ఏ సైజువి అనడిగితే తెలియదంది.

బయట ఎవరన్నా ఉన్నారేమో గమనించలేదు. అంతసేపు గుమ్మం వైపు చూసే పని నాకేముంది.

మార్చి 22

అడగలేదు.

మార్చి 24, ఆదివారం

కిందికి వెళ్ళి అక్కకి చెప్పాను. మేడ మీద ఆరేసి తెచ్చిన దుప్పట్లు ఇద్దరం చెరో కొసా పట్టుకుని మడత పెడుతున్నాం. చెప్పడం మొదలుపెట్టాక అక్క తన కొస వదల్లేదు, మడతా వెయ్యలేదు, అలాగే పట్టుకుని విన్నది.

టిక్కులు ముందే పెడతానన్నాను. ఆ అమ్మాయిని అడగలేదన్నాను. అధికారి అడిగితే అడిగానని చెప్పేశానన్నాను.

"మీ బావకి తెలుసా?"

టిక్కుల సంగతి తెలుసు, ఆయన చెప్పిందేగా. మిగతాది తెలియదన్నాను.

"గుర్తులేదని చెప్పు. ఈ వయసులో గుర్తులేకపోతే ఎవరూ తప్పుపట్టరు. ఆ పిల్లకి నువ్వేమన్నా అత్తవా, పిన్నివా? దుకాణం మూతపడితే ఈయన ఏంచేస్తాడు, నువ్వేంచేస్తావు?"

నువ్వెక్కడుంటావు అని మాత్రం అనలేదు. అంతదాకా తీసుకెళ్ళని మంచితనం అక్కది. దుప్పటి మడత పూర్తిచేసి, ఇంకోటి అందించింది. తిని వెళ్ళమంది. తినే వచ్చాను.

మార్చి 26, మంగళవారం

సంఘం వాళ్ళు నా ప్రసంగం టైపు చేయించి పంపారు. పేజీన్నర. 'మా దుకాణంలో ప్రతి కొనుగోలుదారునీ ప్రతి ప్రశ్నా విడివిడిగా అడుగుతాము.' చదువుతుంటే చక్కగా ఉంది, ఎవరో బుద్ధిమంతురాలు రాసుకున్నట్టు. రెండుసార్లు పైకి చదివాను. రెండోసారికి నేనే నమ్మేట్టున్నాను.

బావ పైకొచ్చి, రేపటికి ఆ ఊదారంగు చీర కట్టుకో మరదలా, శాసనసభ్యులు బిల్లు సంగతి మర్చిపోతారు అన్నాడు. మంచివాడే. మా ఆయన చనిపోయిన ఏడాది నాకు పనీ, ఇల్లూ ఇచ్చింది ఈయనే, ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఈ మనిషి మీద కోపం తెచ్చుకుందామని చాలాసేపు ప్రయత్నించాను. రాలేదు.

మార్చి 27, బుధవారం

విచారణ పదకొండింటికి. పొడుగు గది, గుర్రపునాడా ఆకారంలో బల్ల, దాని చుట్టూ తొమ్మిదిమంది. అధ్యక్షురాలు పెద్దావిడ, నీరసంగా ఉంది, చెప్పులు విప్పేసి బల్ల కింద కాళ్ళు చాపుకుంది. అది చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. వెనక వరసల్లో వర్తకుల సంఘం వాళ్ళు, బావ. ముందు వరసలో కాపలాదారు భార్య. ఎవరూ చెప్పకపోయినా తెలిసిపోయింది. ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరూ కూర్చోవడం లేదు.

కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. మొదటి పేరా నా గురించి, దుకాణం గురించి, బానే సాగింది. రెండో పేరాలో 'ప్రతి కొనుగోలుదారునీ' దగ్గర ఆగిపోయాను. నీళ్ళిచ్చారు. తాగి మళ్ళీ అక్కడే ఆగాను.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అంది అధ్యక్షురాలు.

"ఇందులో రాసింది నిజం కాదండీ," అన్నాను. "మేము అడగం. నేను అడగను. సోమవారం సోమవారం టిక్కులు ముందే పెట్టుకుంటాను. ఆ డిపో కేసు అమ్మాయి ఫారంలో టిక్కు కూడా నేనే పెట్టాను, ఆమె కొనడానికి ఒక రోజు ముందు."

గోల అయింది. వర్తకుల సంఘం అధ్యక్షుడు లేచి ఏదో అన్నాడు, కూర్చోబెట్టారు. వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకలా చేస్తారని ఒక సభ్యుడు అడిగితే అలవాటండీ అన్నాను. అలవాటే. ఆ మాట ఆయనకి నచ్చింది, రాసుకున్నాడు. ఈ బిల్లు ఎందుకు కావాలో ఈవిడ ఒక్క మాటలో చెప్పారన్నాడు.

చివర్లో అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి అడిగింది.

"ఆ అమ్మాయి ఇంకెవరి కోసమో కొంటోందని మీకు అనుమానం రాలేదా?"

రాలేదన్నాను.

అంతమంది ముందు, ఒక్క పూటలో, ఒక మనిషి ఎన్ని చెప్పగలదు. చెప్పింది చాలదా.

బయటికొచ్చాక కాపలాదారు భార్య నా దగ్గరికొచ్చింది. తిడుతుందేమోనని నిలబడ్డాను. రెండు చేతులూ పట్టుకుని, నిజం చెప్పారమ్మా, మీ ఋణం తీర్చుకోలేను అంది. ఆ చేతులు విడిపించుకోవడం నా వల్ల కాలేదు. ఆమే వదిలేసింది.

మార్చి 28

బావ అరుస్తాడనుకున్నాను. అరవలేదు. తాళాల గుత్తిలోంచి కౌంటరు తాళం తీసిమ్మన్నాడు. ఇచ్చాను.

"నాతో ముందు చెప్పాల్సింది," అన్నాడు. అంతే.

చెప్తే వెళ్ళనిచ్చేవాడా. అడగలేదు నేను.

ఏప్రిల్ 3, బుధవారం

దుకాణం లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు. బిల్లు శాసనసభ సంఘం దాటి సభకి వెళ్ళింది. ముందే టిక్కు పెట్టడం నేరమని కొత్తగా ఒక అంశం చేర్చారట. పేపర్లో నా గురించి ఒక పెట్టె కట్టి వేశారు, 'గుమాస్తా నిజాయితీ' అని. కత్తిరించి దాచుకున్నాను. సిగ్గులేకుండా మూడుసార్లు చదివాను కూడా.

అక్క కింద నుంచి కూర పంపడం మానేసింది. మాట్లాడుతోంది గానీ, వానొచ్చేట్టుంది, కుళాయి కట్టెయ్యి, అంతవరకే.

సాయంత్రం లాయరు పిల్ల ఫోన్ చేసింది. థాంక్స్ చెప్పింది. కానీ లాభం లేదట. నేను అడగకపోయినా ఆ టిక్కు కింద ఆమె సంతకం ఉంది కాబట్టి, దుకాణం నమ్మి అమ్మింది కాబట్టి, మోసం మోసమేనట. నమ్మి అమ్మింది అన్నప్పుడు ఆ పిల్ల కొంచెం ఆగింది. ఇంకేంటమ్మా అన్నాను. ఆ అమ్మాయి నన్ను ఒకసారి చూడాలంటోందట. ములాఖత్‌కి చీటీ పెట్టిస్తానంది.

ఏప్రిల్ 6

వెళ్ళక్కర్లేదు. నా వంతు నేను చేశాను. ఉద్యోగం పోయింది, బావ మొహం చూపించడం లేదు. ఇంకా ఏం కావాలి.

ఏప్రిల్ 9, మంగళవారం

వెళ్ళాను.

జైలు గోడకి ఈమధ్యే సున్నం వేసినట్టున్నారు, ఆనుకున్నవాళ్ళందరి వీపులూ తెల్లగా ఉన్నాయి. గంటంబావు కూర్చోబెట్టి లోపలికి పంపారు. మధ్యలో జాలీ. ఆమె అటువైపు స్టూలు మీద కూర్చుంది. అక్టోబరుకన్నా చిక్కింది. పెద్దరికంగా నేనే ముందు మాట్లాడాలి కదా, ఎలా ఉన్నావమ్మా అన్నాను.

బాగానే ఉందట. తలనొప్పి వస్తోందట. మా అమ్మ మీ గురించి పేపర్లో చదివి ఆ ముక్క పంపింది అంది. తరవాత జాలీకి దగ్గరగా వచ్చింది.

"మీకో మాట చెప్పాలనే రమ్మన్నాను. మీరు అడిగినా నేను అవుననే చెప్పేదాన్నండీ. మీరు అడగకపోవడం వల్ల ఏదో అయిపోయిందని అనుకోకండి. ఆ రోజు అతను దుకాణం బయటే ఉన్నాడు. అడిగినా అవుననే అనేదాన్ని. మీ ఉద్యోగం పోయిందట కదా, నాకు బాధగా ఉంది."

ఆ మాటతో నేను నిమ్మళంగా లేచి రావచ్చు. దాని కోసమే వచ్చానేమో కూడా. పిల్ల క్షమించింది, ఇంక మోకాళ్ళకి నూనె రాసుకుని పడుకోవచ్చు.

లేవలేకపోయాను.

అతన్ని నేను చూశాను. ఇన్నాళ్ళూ ఇక్కడ కూడా రాయలేదు. కిటికీ అద్దం అవతల, మోటారు సైకిలు మీద ఒక కాలు నేల మీద పెట్టి కూర్చున్నాడు. ఆ అమ్మాయి మూడో అర చూపించాక అతని వైపు చూసింది, అతను తలాడించాడు. అదీ చూశాను. తూటాల సైజు తెలియదన్నప్పుడు బయటికి వెళ్ళి కనుక్కుని వచ్చింది. ఆమె వచ్చేదాకా ఫారం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అప్పటికి రెండు వారాలుగా సరైన బేరాల్లేవు. పదకొండో ప్రశ్న మీద నా అరచెయ్యి పెట్టాను. సిరా అంటుతుందేమో అన్నట్టు కప్పి పెట్టి, కింద సంతకం చోటు చూపించాను. చదువుతుందేమోనని. చదివి అతని వైపు మళ్ళీ చూస్తుందేమోనని, చూస్తే నేను అమ్మకూడదని.

"నాకు తెలుసమ్మా," అన్నాను. "అతని కోసమేనని తెలుసు. అలవాటు కొద్దీ కాదు, తెలిసే అడగలేదు."

ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని చూశాను. గార్డు టైమైందని బల్ల మీద కొట్టింది. ఆ అమ్మాయి లేచి నిలబడింది. ఇందాకటి మెత్తదనం ఆ మొహంలో ఎక్కడా లేదు. ఇందాక నా కోసం పడ్డ బాధ కూడా వెనక్కి తీసుకున్నట్టుంది.

"అది కూడా చెప్పండి," అంది.

ఏప్రిల్ 10

పొద్దున లాయరు పిల్లకి ఫోన్ చేసి చెప్పాను. ఇంకోసారి చెప్పించుకుంది. తరవాత, అలా వాంగ్మూలం ఇస్తే ఆ అమ్మాయి మీద మోసం కేసు పోతుంది గానీ అది నా మీదికి వస్తుందని, తెలిసీ అమ్మినందుకు పాత చట్టంలోనే మూడేళ్ళు ఉందని చెప్పింది. ముందు నాకంటూ ఒక లాయరుని పెట్టుకోమంది. తాను నాకు లాయరుగా ఉండకూడదట, అవతలి పక్షం కదా. పక్షం అన్న మాటకి నవ్వొచ్చింది.

కిందికి వెళ్ళి ఈసారి ముందే బావకి చెప్పాను, రేపు వాంగ్మూలం ఇవ్వబోతున్నానని కూడా. దుకాణం పనేం లేదు కదా, వరండాలో కూర్చుని రేడియో బాగు చేస్తున్నాడు. అంతా విన్నాడు. రేడియో మూత బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు.

"ఎన్నింటికి వెళ్ళాలి?" అన్నాడు.

పదింటికన్నాను. బండి తీస్తానన్నాడు.